50 కేబీ అంటే ఎన్ని బైట్లో మనకే తెలియాలి

పోస్టు కొంచెం పొడుగే. అప్లికేషన్లు పెట్టేవాళ్లు ఓపిగ్గా చదవండి, మిగతావాళ్లు సేవ్ చేసి పెట్టుకోండి.

ఏదైనా నోటిఫికేషన్ పడిందంటే రెండు రోజుల్లో మన గ్రూపులో ఒక ప్రశ్న వస్తుంది. "అన్నా, ఫొటో అప్‌లోడ్ అవట్లేదు. 50 కేబీ దాటిందంటోంది. కంప్యూటర్లో చూస్తే 49 కేబీయే ఉంది. ఏం చేయమంటావ్?" కింద జవాబులు కూడా ఎప్పుడూ అవే. సర్వర్ బిజీగా ఉంది, రాత్రికి ట్రై చెయ్. వేరే బ్రౌజర్లో పెట్టు. నెట్ సెంటర్‌కి పో. చివరి తేదీ దగ్గరికొచ్చేదాకా ఇదే నడుస్తుంది.

అక్కడ సర్వర్ తప్పేం లేదమ్మా. కంప్యూటర్ చెప్పిన 49 నిజమే, సైటు చెప్పిన "50 దాటింది" కూడా నిజమే. రెండూ వేరే వేరే కొలతలతో కొలుస్తున్నాయి, అంతే. ఈ రెండు కొలతల తేడా, ఒకదాన్నుంచి ఇంకోదానికి కమాండ్ లైన్లో మార్చుకోవడం మన పిల్లలకి ఇంటర్ అయ్యేలోపే రావాలని నా అభిప్రాయం. కంప్యూటర్ కోర్సులో ఎంఎస్ ఆఫీస్ తర్వాత ఎప్పుడో చెప్పేది కాదిది. మొదటి వారంలో చెప్పాల్సింది.

ఎందుకంత పట్టుదల అంటే, డబ్బుల లెక్క నుంచి మొదలుపెడతా. ఎస్ఎస్‌సీ పరీక్షలకి ఎస్టీలకు అప్లికేషన్ ఫీజు లేదు. యూపీఎస్‌సీకీ లేదు. కొట్లాడి సాధించుకున్న హక్కులవి. కానీ చర్ల మండలంలో లోపలి గూడెం నుంచి ఒక పిల్ల ఫొటో సైజు తగ్గించుకోవడానికి చర్ల రావాలంటే ఆటో ఖర్చు, ఒక పూట కూలి పోయినట్టు, నెట్ సెంటర్లో ఫొటోకింత, సంతకానికింత, సర్టిఫికెట్‌కింత. అక్కడ కరెంటు లేకపోతే మళ్లీ రేపు. పని పెద్దదైతే దాదాపు 60 కిలోమీటర్లు పోయి భద్రాచలం చేరాలి. మాఫీ అయిన ఫీజు ఇంకో దారిలో మన జేబులోంచే పోతోంది. నెట్ సెంటర్ వాళ్ల కడుపు కొట్టమని నేననట్లేదు, వాళ్లలో మనోళ్లూ ఉన్నారు. కానీ రెండు నిమిషాల పనికి రోజంతా పోగొట్టుకోవడం మాత్రం న్యాయం కాదు.

ఇక కొలత సంగతి. తునికాకు కల్లం తెలియనివాళ్లు మనలో లేరు కాబట్టి అక్కణ్నుంచే చెప్తా. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే బ్యాగుకు 50,000 ఆకులు. ఇప్పుడు కల్లందారు వచ్చి, "మా లెక్కలో వెయ్యి అంటే 1024" అన్నాడనుకోండి. అప్పుడు బ్యాగుకు 51,200 ఆకులు కావాలి. 1,200 ఆకులు, అంటే 24 కట్టలు ఎక్కువ. పేరు మాత్రం అదే, స్టాండర్డ్ బ్యాగు. రేటూ అదే. మీ అమ్మ ఒప్పుకుంటుందా? కొంగు బిగించి కల్లం మీదికి పోతుంది.

కంప్యూటర్ల లోకంలో జరిగింది అచ్చం ఇదే. కిలో అంటే వెయ్యి అని లోకమంతా ఒప్పుకున్న మాట. కిలోగ్రాముకైనా కిలోమీటరుకైనా అంతే. కానీ కంప్యూటర్ మెమరీ రెట్టింపుల మీద నడుస్తుంది. రెండు, నాలుగు, ఎనిమిది, అలా పదిసార్లు రెట్టిస్తే 1024 వస్తుంది. వెయ్యికి దగ్గరగా ఉంది కదా అని పాతకాలం ఇంజనీర్లు దాన్నే కిలో అనేశారు. అందుకని 50 కేబీ అంటే ఒకరికి 50,000 బైట్లు, ఇంకొకరికి 51,200 బైట్లు. కల్లం లెక్కలో వచ్చిన అంకెలే చూడండి, ఆకుల బదులు బైట్లు.

ఈ రెట్టింపు లెక్క మనకేం కొత్త కాదు. ఇంట్లో ముసలమ్మని అడగండి. రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. గిద్ద నుంచి తూము దాకా ఎనిమిది రెట్టింపులు. తూముకు 256 గిద్దలు. ఒక బైటులో పట్టే విలువలు కూడా సరిగ్గా 256, ఎందుకంటే అదీ ఎనిమిది రెట్టింపులే. నాలుగు తూములైతే 1024 గిద్దలు. ఆపైన మాత్రం 20 తూములు ఒక పుట్టి అని దారి మారుతుంది. అంటే రెట్టింపుల కొలతా, పదుల కొలతా రెండూ కలిసిన వ్యవస్థ మన గాదె దగ్గర ఎప్పట్నుంచో ఉంది. "మన పిల్లలకు ఇవి అర్థం కావు" అనేవాళ్లు ఆ ముసలమ్మ ముందు కూర్చుని లెక్క చెప్పి చూడాలి.

ఆ కొలతలతో బాధ ఎక్కడొచ్చిందో కూడా మనకు తెలుసు. కుంచం అన్ని ఊళ్లలో ఒకే సైజులో ఉండేది కాదు. షావుకారు దగ్గర కొనే కుంచం ఒకటి, అమ్మే కుంచం ఇంకొకటి అని పెద్దోళ్లు చెప్పుకునేవాళ్లు. దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ తూకాలు తెచ్చింది ఈ గందరగోళం పోవాలనే. కంప్యూటర్లకూ అలాంటి ప్రయత్నం జరిగింది. 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రెట్టింపు లెక్కకు వేరే పేర్లు పెట్టింది. 1024 బైట్లను కిబిబైట్ అనాలి, దాని పైది మెబిబైట్, ఆ పైది గిబిబైట్. కిలోబైట్ అంటే ఇక వెయ్యే. పేర్లు బాగానే పెట్టారు గానీ, అందరూ వాడితే గదా. విండోస్ ఇప్పటికీ 1024తో భాగించి పక్కన కేబీ అనే రాస్తుంది. యాపిల్ 2009 నుంచి తన కంప్యూటర్లలో వెయ్యి లెక్కకు మారిపోయింది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లూ వెయ్యి లెక్కే చూపిస్తాయి. మీ ఫోన్లో ఒక నంబరు, ల్యాబ్ కంప్యూటర్లో ఒక నంబరు కనపడేది ఇందుకే.

పెన్‌డ్రైవ్ కొన్నప్పుడు కూడా ఇదే గొడవ. డబ్బా మీద 64 జీబీ అని ఉంటుంది, విండోస్‌లో పెడితే 59.6 చూపిస్తుంది. "షాపోడు మోసం చేశాడు" అని తిరిగి పోయినవాళ్లు నాకు తెలుసు. అది షాపోడి మోసం కాదు. డబ్బా మీద వెయ్యి లెక్క, తెర మీద 1024 లెక్క. కేబీ దగ్గర తేడా 2.4 శాతమే. ఎంబీ దగ్గర 4.9, జీబీ దగ్గర 7.4, టీబీకి వచ్చేసరికి దాదాపు 10 శాతం. ఈ తేడా మీద అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో రాజీ చేసుకున్నాయి. అంత పెద్ద కంపెనీలే కోర్టుల్లో తేల్చుకోవాల్సి వచ్చిన గందరగోళం ఇది. మన చెల్లెలు నెట్ సెంటర్లో తలపట్టుకుని కూర్చుందంటే అది ఆ పిల్ల తెలివితక్కువతనం కాదు.

మళ్లీ ఆ 49 కేబీ ఫొటో దగ్గరికి వద్దాం. దాని అసలు సైజు 50,100 బైట్లు అనుకోండి. విండోస్ దాన్ని 1024తో భాగిస్తే 48.9 వస్తుంది, లిస్టులో 49 కేబీ అని చూపిస్తుంది. సైటు రాసినోడు 50,000 దాటితే వద్దని రాసి ఉంటే తిప్పికొడుతుంది. ఇద్దరూ కరెక్టే, నష్టపోయేది మనం. సైటు రాసినోడు ఏ లెక్క వాడాడో నోటిఫికేషన్లో ఉండదు. అందుకే ఏ లెక్కైనా సరిపోయే పద్ధతి ఒకటి పెట్టుకోవాలి. ఎక్కువలో ఎక్కువ అన్నచోట వెయ్యి లెక్క తీసుకోండి. తక్కువలో తక్కువ అన్నచోట 1024 లెక్క తీసుకోండి. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షలకి ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ అడుగుతారు. అయితే మీ ఫొటో 20,480 బైట్లకూ 50,000 బైట్లకూ మధ్య ఉండాలి. సంతకం 10,240కీ 20,000కీ మధ్య. ఇట్లా పెడితే సైజు పేరు చెప్పి ఏ సైటూ మిమ్మల్ని తిప్పికొట్టలేదు. చాలామంది పైహద్దే చూస్తారు. యాప్‌లో పెట్టి నొక్కి నొక్కి 14 కేబీకి తెచ్చేస్తారు, అప్పుడు తక్కువైందని తిప్పికొడుతుంది. వేలిముద్ర అంతగా నొక్కితే గీతలే కనపడవు.

ఈ బైట్ల లెక్క తెలుసుకోవడానికే కమాండ్ లైన్. నల్ల తెర చూసి భయపడొద్దు. (ఆదేశాలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా. మీరు కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లో, ప్రత్యేకంగా చెప్పనిచోట చిన్న అక్షరాల్లో.)

హాస్టల్లో, కాలేజీ ల్యాబులో విండోస్ ఉంటుంది కాబట్టి ముందు అదే చూద్దాం. పవర్‌షెల్ తెరిచి 50 కొట్టి, ఖాళీ వదలకుండా పక్కనే కె, బి కొట్టి ఎంటర్ నొక్కండి. 51200 అని వస్తుంది. అంతే, మార్పిడి అయిపోయింది. అది 1024 లెక్కలో మాట్లాడుతోందని కూడా దాంతోనే తెలిసిపోయింది. 64 పక్కన తొమ్మిది సున్నాలు పెట్టి, భాగహారం గీత గీసి, 1 జి బి అని కలిపి కొడితే 59.6 చిల్లర వస్తుంది. పెన్‌డ్రైవ్ పంచాయితీ అక్కడే తీరిపోతుంది. ఫోల్డర్లో ఉండి డి ఐ ఆర్ కొడితే ప్రతి ఫైలూ ఎన్ని బైట్లో చెప్తుంది.

లినక్స్‌లో అయితే దీనికోసమే ఒక చిన్న సాధనం ఉంది. పేరు నంఫంట్ అనుకోండి. ఎన్, యు, ఎం, ఎఫ్, ఎం, టి అక్షరాలు. 2013 నుంచి గ్నూ కోర్‌యుటిల్స్‌లో భాగం, కాబట్టి ఈమధ్య కాలపు లినక్స్‌లో దాదాపు అన్నిట్లో ఉంటుంది. ఖాళీ ఇచ్చి, రెండు హైఫన్లు, ఫ్రమ్, సమానం గుర్తు, ఎస్ ఐ అని కొట్టి, మళ్లీ ఖాళీ ఇచ్చి 50 పక్కన పెద్ద అక్షరం కె ఇస్తే 50000 చెప్తుంది. ఎస్ ఐ బదులు ఐ ఇ సి అని ఇస్తే అదే 50కి 51200 చెప్తుంది. ఒకే అంకె, రెండు కొలతలు, రెండు జవాబులు, ఒకదాని కింద ఒకటి. పిల్లలకు ఇది చూపిస్తే చాలు, నేను పైన ఇంతసేపు చెప్పిందంతా వాళ్లకే అర్థమైపోతుంది. ఫ్రమ్ బదులు టు అని ఇస్తే బైట్ల నుంచి పెద్ద కొలతకు మారుస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ సాధనం గానీ, ఎల్ ఎస్‌కి హెచ్ తగిలించి అడిగే లిస్టు గానీ చిల్లరను పైకి సవరిస్తాయి. 20,481 బైట్ల ఫైలును 21 అని చూపిస్తాయి. డి యు అనే ఆదేశం ఇంకో రకం, ఫైలు సైజు కాదు, డిస్కు మీద అది ఆక్రమించిన జాగా చెప్తుంది. ఒక్క అక్షరం ఉన్న ఫైలును కూడా మామూలుగా 4 కే అంటుంది. కాబట్టి హద్దు దగ్గర అనుమానం వస్తే హెచ్ లేకుండా ఎల్ ఎస్, ఖాళీ, హైఫన్ ఎల్ కొట్టండి. లేదంటే డబ్ల్యూ సి, ఖాళీ, హైఫన్ సి, ఖాళీ, ఫైలు పేరు. పచ్చి బైట్ల లెక్క వస్తుంది.

"అన్నా, మాకు కంప్యూటరే లేదు గదా" అంటారు. ఫోన్ ఉంది గదా. టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్లోనే ఈ లినక్స్ ఆదేశాలన్నీ నడుస్తాయి. ఎఫ్-డ్రాయిడ్ నుంచి తీసుకోవడం మేలు. డౌన్‌లోడ్ దాదాపు 100 ఎంబీ ఉంటుంది, మంచి సిగ్నల్ ఉన్నచోటే చేసుకోండి. ఒక్కసారి ఎక్కిన తర్వాత ఈ లెక్కలకు నెట్ అక్కర్లేదు. ఇమేజ్‌మ్యాజిక్ అని ఇంకో సాధనం కూడా అందులో ఎక్కించుకోవచ్చు. ఈ ఫొటో ఇన్ని కేబీలు మించకుండా చెయ్యి అని దానికి చెప్పొచ్చు, ఫోల్డర్లో 60 ఫొటోలు ఉంటే 60కీ ఒకే ఆదేశంతో చేయిస్తుంది. హాస్టల్‌కి ఒక్కరు నేర్చుకున్నా బ్యాచ్ మొత్తానికి ఒక సాయంత్రంలో పని అయిపోతుంది.

"సైజు తగ్గించే వెబ్‌సైట్లు బోలెడున్నాయి, ఇదంతా ఎందుకు" అనేవాళ్ల మాట నేను తీసిపారేయను. ఒక్క ఫొటోకి అది తేలికే. కానీ ఆ సైట్లలో మనం పెడుతున్నదేంటో ఒకసారి ఆలోచించండి. ఆధార్, కులధ్రువీకరణ పత్రం, సంతకం, బొటనవేలి ముద్ర. ఈ నాలుగూ ఒకే మనిషివి, ఒకే రోజు, ఎవరిదో తెలియని ఒక సర్వర్ మీదకి మనమే పంపిస్తున్నాం. వాళ్లు తుడిచేస్తామని రాస్తారు, తుడిచారో లేదో చూసొచ్చేవాళ్లు ఎవరు? వేలిముద్ర వేయించుకుని భూములు రాయించుకున్న కథలు మన తాతలు చెప్పారు గదా. ఫోన్లోనే చేసుకుంటే ఆ కాగితాలు మన చేతిలోంచి బయటికే పోవు.

సిగ్నల్ మాట కూడా ఇందులోనే ఉంది. స్పీడు చెప్పేటప్పుడు కంపెనీలు బిట్లలో చెప్తాయి, ఫైలు బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. రోజు డేటా అయిపోయాక చాలా ప్యాకుల్లో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. దాన్ని 8తో భాగించండి, సెకనుకు 8,000 బైట్లు. 50,000 బైట్ల ఫొటో ఏడు సెకన్లలోపే పోతుంది. 2 ఎంబీ స్కాన్ సర్టిఫికెట్‌కి 250 సెకన్లు, నాలుగు నిమిషాల పైనే, అదీ సిగ్నల్ మధ్యలో తెగకపోతే. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేల్లో, ఒక గీత సిగ్నల్ కోసం గుట్టెక్కే చోట ఆ నాలుగు నిమిషాలు దొరకవు. సైటు పేజీ టైమ్‌అవుట్ అయిపోతుంది, మళ్లీ మొదట్నుంచి. అక్కడివాళ్లకు సైజు తగ్గించుకోవడమంటే అప్లికేషన్ పోవడమా, ఆగిపోవడమా అనే తేడా.

తప్పంతా మనమే నేర్చుకోకపోవడం అని నేను ఒప్పుకోను. నోటిఫికేషన్ రాసేవాళ్లు "50 కేబీ" అని కాకుండా "50,000 బైట్లు" అని రాయొచ్చు. ఒక్క పదం మారిస్తే సరిపోతుంది. కొన్ని బులెటిన్లలో కే, బీ రెండూ చిన్న అక్షరాల్లో వేస్తారు. నిక్కచ్చిగా చదివితే అది కిలోబిట్, అంటే ఎనిమిదో వంతు. మన దగ్గర కామాలు తప్పితే కాగితం తిప్పికొట్టేవాళ్లు తమ కాగితంలో కొలత పేరు సరిగ్గా రాయకపోతే అడిగేవాళ్లు లేరు. ఇంకో సంగతి, సైటే ఫొటోని తనంతట తాను తగ్గించుకునేలా రాయడం ఈ రోజుల్లో పెద్ద విద్యేం కాదు. వాట్సాప్ రోజూ ఆ పనే చేస్తోంది.

అది వాళ్లు చేసేదాకా మనం ఆగలేం. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో కంప్యూటర్ పీరియడ్ ఉన్నచోట దాన్ని టైపింగ్‌తో, పెయింట్‌లో బొమ్మలతో గడిపేస్తున్నారు. అందులో రెండు పీరియడ్లు ఈ లెక్కకివ్వమని ఐటీడీఏకి రాద్దామంటాను. కొత్త కంప్యూటర్లు అడగట్లేదు, బడ్జెట్ అడగట్లేదు. ఉన్న కంప్యూటర్లో ఉన్న పవర్‌షెల్ తెరవమంటున్నాం. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే చదువుకుంటున్నారు, వాళ్లకేం కొమ్ములు రాలేదు.

అర్జీ ముసాయిదా నేను రాసిపెడతాను. చర్ల, దుమ్ముగూడెం వైపు హాస్టళ్లలో ఉన్నవాళ్లు మీ ల్యాబులో ఎన్ని కంప్యూటర్లు నడుస్తున్నాయో, ఎన్ని మూలనపడ్డాయో కింద రాయండి. పోయిన నోటిఫికేషన్‌లో ఏ సైటు ఏ సైజు దగ్గర తిప్పికొట్టిందో కూడా, కేబీల్లో కాదు, బైట్లలో రాయండి.